హాంబర్గ్‌లో బాంబు, మా శిరీష శ్రీమంతం

రెండవ ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబరు ఒకటో తేదీ, శుక్రవారం, తెల్లవారుజామున నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలకు మొదలైంది. ఖమ్మంలో ముప్పై ఒక్క ఏళ్ళు పదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. నిద్రలో లేపి అడిగినా ఈ తేదీ చెబుతాను. కారణాలు, గమనం, ఫలితాలు అని పాఠాన్ని మూడు ముక్కలు చేసేదాన్ని. ముగిసింది 1945 సెప్టెంబరు రెండు. అంటే ఆరేళ్ళ మీద ఒక రోజు. ఆ ఒక్క రోజు మరిచిపోయిన వాళ్ళకు అర మార్కు పోయేది.

ఈ మే నెలలో జర్మనీ వెళ్ళొచ్చాను. మొదటి తేదీని అలాగే ఉంచాను. రెండో తేదీ మీదే నాకిప్పుడు అనుమానం.

నేను వెళ్ళింది యుద్ధం చూడటానికి కాదు, శ్రీమంతానికి. మా చెల్లెలి కూతురు శిరీష హాంబర్గ్‌లో ఉంటుంది. ఏడో నెల. చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయి కదలలేని స్థితి కాబట్టి దాని బదులు నేను బయలుదేరాను. వెళ్ళేముందు రెండు ఆజ్ఞలు జారీ చేసింది. ముహూర్తం ఆదివారం పది గంటల నలభై నిమిషాలకు, దాటకూడదు. ఒడి నింపే మొదటి చెయ్యి పిల్లల తల్లిదై ఉండాలి.

నాకు పిల్లలు లేరు. "నిన్ను అనడం కాదక్కా," అంది నసుగుతూ.

"అన్నా ఏమీ అనుకోను గానీ, ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడే ఖాయం చెయ్యి. అక్కడికి వెళ్ళాక వెతకడం నావల్ల కాదు," అన్నాను.

శిరీష భర్త మురళికి వసంత అని అక్క ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. ఆ చెయ్యి ఆమెదే అని ఖాయమైంది.

ఎష్‌బోర్న్

ఆ వసంత ఇంట్లోనే నా మొదటి మజిలీ. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్ అనే ఊరు. ఎటు చూసినా అద్దాల ఆఫీసులు, మధ్యాహ్నం పన్నెండింటికి వాటిలోంచి మెళ్ళో కార్డులతో బయటికొచ్చే మన పిల్లలు. ఫుట్‌పాత్ మీద ఐదు నిమిషాలు నడిస్తే "రిలీజ్ ఎప్పుడు బావా?" అని ఎవరో ఒకరు ఫోన్లో అడుగుతూ వినిపిస్తారు.

మొదటి రోజే ఖాళీ అయిన నీళ్ళ సీసా చెత్తబుట్టలో వెయ్యబోయాను. వసంత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ, పారెయ్యకండి! పాతిక సెంట్లు!"

కొన్నప్పుడే సీసాకి పాతిక సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు. కొట్లోని యంత్రం నోట్లో సీసా పెడితే మింగేసి చీటీ ఇస్తుంది, ఆ చీటీతో సరుకులు కొనుక్కోవచ్చు. నాకీ పద్ధతి ఎంత నచ్చిందంటే, రోజూ సాయంత్రం సీసాల సంచి పట్టుకుని నేనే బయలుదేరేదాన్ని. వసంత చిన్నకొడుక్కి ఏడేళ్ళు. మనం తెలుగులో అడిగితే వాడు జర్మన్‌లో జవాబిస్తాడు. నన్ను చూసి ఏదో అని నవ్వాడు.

"ఏమంటున్నాడు?"

"ఈ అమ్మమ్మ పడుకునేముందు మెట్లు కూడా లెక్కపెడుతుందా, అంటున్నాడండి," అంది వసంత మొహమాటంగా.

"పద్నాలుగు అని చెప్పు," అన్నాను.

మే నెలలో వీళ్ళకు తెల్ల ఆస్పరాగస్ కాడలంటే మనకు మామిడిపండు ఎంతో అంత. రోడ్డు పక్కన గుడిసెల్లాంటి దుకాణాలు పెట్టి అమ్ముతారు, జనం వరసలో నిలబడి కొంటారు. కిలో పద్నాలుగు యూరోలు. యూరో మనకు వంద రూపాయలకు కాస్త తక్కువ. వసంత శనగపిండి చల్లి కూర చేసింది. చూపుకి సన్నటి ములక్కాడలా ఉంది కదా అని పిప్పి ఉమ్మడానికి పళ్ళెం అంచున చోటు చేసుకుని నమిలాను. మొత్తం కరిగిపోయింది. అంత ధర పెట్టాక ఉమ్మడానికైనా ఏదో ఒకటి మిగలాలి.

మూడో రోజు బయలుదేరుతుంటే వసంత మాటిచ్చింది. "ఆదివారం తెల్లవారుజామున నాలుగింటి రైలు ఎక్కేస్తానండి. కొబ్బరికాయ, పూలు, చీర నావి. మీరు గాజులు తెండి చాలు." గాజులు ఖమ్మం నుంచే తెచ్చాను. నాలుగు డజన్లు, చీరల మధ్య చుట్టి.

లైప్‌జిగ్

లైప్‌జిగ్‌లో రజిత ఉంది. నా దగ్గర చదివిన పిల్ల, ఇప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్టేషన్‌లో కాళ్ళకు దండం పెట్టబోయి, జనం చూస్తున్నారని ఆగి, అయినా పెట్టేసింది.

"టీచర్, ఇంక గూడ తేదీలు అడుగుతరా?"

"అడుగుతాను. వర్సేల్స్ సంధి?"

"1919 జూన్ 28."

"వారం?"

"గది మీరు చెప్పలే టీచర్!"

"శనివారం. ఇప్పుడు చెప్పాను."

రజిత నన్ను తన వీధిలో నడిపిస్తూ ఒక ఇంటి గుమ్మం ముందు ఆపింది. "కిందికి సూడుండ్రి." ఫుట్‌పాత్ రాళ్ళ మధ్య అరచేయంత ఇత్తడి ఫలకాలు మూడు పొదిగి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక పేరు. పైన "ఇక్కడ నివసించారు" అని ఉంటుందట. పుట్టిన సంవత్సరం, పట్టుకుపోయిన సంవత్సరం, చంపిన చోటు. తండ్రి, తల్లి, బిడ్డ. యూదులు. సంవత్సరాలు తీసేసి చూశాను. బిడ్డకు ఏడేళ్ళు, వసంత కొడుకు వయసు.

"టీచర్, ఫలితాలల్ల ‘అపార జననష్టం’ అని రాపిచ్చిన్రు. ఒక్కటే లైను."

"రెండు మార్కుల ప్రశ్నకు అంతే వస్తుంది," అన్నాను. అన్నాక నాకే ఆ మాట రుచించలేదు. కొంగుతో ఆ ఇత్తడి తుడిచాను. ఊళ్ళోవాళ్ళు కూడా అప్పుడప్పుడూ వచ్చి మెరుగుపెడతారట. సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, నన్ను చూసి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాత రజిత బేకరీకి తీసుకెళ్ళింది. గసగసాలు అద్దిన రొట్టె తిన్నాను. గసగసాల్ని కూరలో కాక రొట్టె మీద ఇంత దండిగా చల్లే దేశం మీద నాకు గౌరవం కలిగింది.

హాంబర్గ్

హాంబర్గ్‌లో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. స్టేషన్ దాటిన పది నిమిషాల్లో నా గొడుగు గాలికి తలకిందులై ఊచలు విరిగింది. మురళి ఓదార్చాడు. "ఇక్కడెవరూ గొడుగు వెయ్యరండి అత్తయ్యగారూ. తడుస్తారంతే."

శిరీష వాళ్ళది మూడంతస్తుల పాత ఇల్లు. వీళ్ళు మొదటి అంతస్తు, పైన ఫ్రావ్ యాన్సెన్ అనే ఎనభై ఏడేళ్ళ ఆవిడ ఒంటరిగా ఉంటుంది. ఫ్రావ్ అంటే మన శ్రీమతి. ఆవిడతో నా పరిచయం ఆ మధ్యాహ్నమే అయింది. అల్లం పచ్చడికి మిక్సీ వేశాను. పైనుంచి ధన్, ధన్, ధన్ అని మూడు దెబ్బలు.

"అయ్యో పెద్దమ్మా!" శిరీష వచ్చి ప్లగ్గు పీకేసింది. "ఒంటిగంట నుంచి మూడింటి దాకా చప్పుడు చెయ్యకూడదు. ఆవిడ చీపురు కర్రతో నేల మీద కొడుతుంది."

"ఆదివారం?"

"ఆదివారం రోజంతా కూడదు."

"మరి ఆవిడని శ్రీమంతానికి పిలిచావా?"

"ఆవిడనా? మిక్సీకే ఇలా కొడితే మంగళహారతికి పోలీసుల్ని పిలుస్తుంది."

మర్నాడు మురళి నన్ను ఊరి మధ్యలో ఒక చర్చి గోపురం దగ్గరకు తీసుకెళ్ళాడు. 1943లో బ్రిటిష్, అమెరికా విమానాల బాంబులకు ఊరు కాలినప్పుడు చర్చి కూలి, గోపురం మిగిలింది. దాన్ని అలాగే నల్లగా వదిలేశారు. జూలై ఇరవై ఏడు రాత్రి గాలే నిప్పయిందని అక్కడ చదివాను. ఒక్క వేసవిలో ముప్పై వేలకు పైగా మనుషులు. నా పాఠంలో ‘గమనం’ కింద స్టాలిన్‌గ్రాడ్ ఉంది, నార్మండీ ఉంది, హాంబర్గ్ లేదు.

ఇంటికొచ్చేసరికి వీధిలో మైకు కట్టిన బండి తిరుగుతోంది. పక్క వీధిలో కీతా, అంటే చిన్నపిల్లల బడి, కొత్తది కట్టడానికి తవ్వుతున్నారు. శిరీష తన పుట్టని బిడ్డకు అందులో చోటు కోసం అప్పుడే పేరు రాయించింది. ఆ గోతిలో బాంబు కనబడింది. యుద్ధంలో విమానం వేసింది, పేలకుండా బురదలోకి దిగిపోయింది, ఇన్నేళ్ళూ అక్కడే ఉంది.

"ఇక్కడ ఇది మామూలేనండి," అన్నాడు మురళి. "తవ్వితే వస్తాయండి."

"మా ఖమ్మంలో తవ్వితే నీళ్ళ పైపు పగులుతుంది," అన్నాను.

ఆఫీసులూ బళ్ళూ లేని రోజని ఆదివారం తీస్తారట. ఉదయం ఎనిమిదికల్లా చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ చెయ్యాలి. ఎటూ పోలేనివాళ్ళు అరకిలోమీటరు దూరంలోని స్కూలు వ్యాయామశాలలో కూర్చోవచ్చు. చెల్లెలికి ఫోన్ చేశాను. అంతా విని అది అడిగింది ఒకటే: "ఆ హాల్లో తూర్పు ఎటో తెలుస్తుందా?"

ఆదివారం

పులిహోర, దద్దోజనం, గాజులు, పసుపు, కుంకుమ, పట్టుచీర అన్నీ సంచుల్లో సర్ది ఏడున్నరకే మెట్ల దగ్గర పెట్టాం. ఎనిమిదింటికి నారింజ రంగు జాకెట్లు వేసుకున్న ఇద్దరు తలుపులు తట్టుకుంటూ వచ్చారు. ఒక యువతి, ఒక పెద్దాయన. మాది అయ్యాక పైకెళ్ళారు. కాసేపటికి పైన మాటలు పెరిగాయి.

ఫ్రావ్ యాన్సెన్ రానంటోంది.

మురళి మర్యాదస్తుడు. పైకెళ్ళి తన జర్మన్‌లో ఎంతో వినయంగా చెప్పాడు: "మీ కోసం కింద బండి ఉందండి. మీరు ముందు వెళ్ళండి, మేం వెనకే వస్తాం."

తలుపు అతని మొహం మీదే మూసుకుంది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు కింద దాకా వినబడింది.

నారింజ జాకెట్ యువతి దిగొచ్చి శిరీషతో చెప్పింది. ఒక్క మనిషి మిగిలినా బాంబు మీద చెయ్యి వెయ్యరు. అక్కడ గోతి పక్కన మనుషులు సిద్ధంగా నిలబడి ఉన్నారు. తొమ్మిదిన్నరకు పోలీసులొచ్చి తలుపు తెరిపించి ఆవిడని ఎత్తుకుని దించుతారు. అలా చెయ్యడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ చేస్తారు.

"ఎనభై ఏడేళ్ళ మనిషిని ఎత్తుకుపోతారా పెద్దమ్మా?" శిరీష కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కిందటేడు నాకు వాంతులైనన్ని రోజులూ తలుపు దగ్గర సూప్ పెట్టిపోయింది. ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు, గిన్నె మాత్రం పెట్టేది."

"మరి పిలవలేదేం?"

"భయమేసింది."

సరిగ్గా అప్పుడే వసంత ఫోన్. "పిన్నిగారూ, హార్‌బుర్గ్‌లో ఆపేశారండి! నది ఇవతలే. పట్టాలు ఆ బాంబు పక్కనుంచే వెళ్తాయట, అది తీసేదాకా రైలు కదలదట. కొబ్బరికాయ నా ఒళ్ళోనే ఉంది, ఏం చెయ్యమంటారు?"

శిరీష స్నేహితురాళ్ళందరూ కొత్తగా పెళ్ళయినవాళ్ళు, లేదా చదువుకునే పిల్లలు. ఒడి నింపే మొదటి చెయ్యి నదికి అవతల ఉండిపోయింది.

నేను ఒక్క నిమిషం మెట్ల మీద కూర్చున్నాను.

"ఫ్రావ్ యాన్సెన్‌కి పిల్లలెంతమంది?"

"నలుగురు. క్రిస్మస్‌కి మెట్ల నిండా వాళ్ళ బూట్లే."

"అందరూ క్షేమమేనా?"

"క్షేమమే. ఎందుకు?"

"కుంకుమభరిణ ఏ సంచిలో ఉంది?"

పై అంతస్తు

శిరీష నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కింది. తలుపు తట్టాం. "పోలీసులా?" అని లోపల్నుంచి అడిగింది. "కాదు, కింద ఇంటివాళ్ళం," అంది శిరీష. సందంత తెరుచుకుంది. సన్నగా, పొడుగ్గా, నీలం స్వెటర్‌లో, నా కంటే నిటారుగా నిలబడి ఉంది. చీపురు కర్ర పక్కనే ఉంది.

నేను జర్మన్ మాట్లాడలేను. మన దగ్గర పేరంటానికి ఎలా పిలుస్తామో అలాగే పిలిచాను. ఉంగరపు వేలితో కుంకుమ తీసి, సందులోంచి చెయ్యి పెట్టి, ఆవిడ నుదుటి మీద బొట్టు పెట్టాను. చేతులు జోడించి తెలుగులోనే అన్నాను: "మా పిల్ల శ్రీమంతం. మీరు తప్పకుండా రావాలి. మొదటి ఒడి మీ చేతి మీదుగా జరగాలి."

శిరీష జర్మన్‌లో చెప్పింది. ఆవిడ నుదురు తాకి, వేలికంటిన ఎరుపు చూసుకుంది.

"ఇది నెత్తురు కాదు గదా?"

"కాదు. పిలుపు," అంది శిరీష.

"నేనే ఎందుకు?"

"నలుగుర్ని కని పెంచారు కాబట్టి."

"భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఫర్వాలేదా?"

"నాకు పదహారేళ్ళయింది," అన్నాను. "పిలిచేదాన్ని నేను. ఫర్వాలేదు."

"ఎన్నింటికి?"

"పది నలభై."

గోడ గడియారం చూసింది. తొమ్మిదీ ఏడు. మొహం చిట్లించి శిరీషతో పెద్దగా ఏదో అంది. శిరీష నవ్వాపుకుంటూ నాకు చెప్పింది: "మూడు వారాల ముందు పిలవాలట. ఒక పూట ముందు పిలవడం మర్యాద కాదట. ఇప్పుడు జుట్టెప్పుడు దువ్వుకోవాలంటోంది."

పావుగంటలో బయటికొచ్చింది. కోటు, ముత్యాల దండ, చేతిలో మూత పెట్టిన గాజు గిన్నె. అందులో ఆదివారం భోజనానికి చేసుకున్న బంగాళాదుంపల సలాడ్. పొమ్మంటే కదలని మనిషి రమ్మంటే వచ్చింది. గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగి వెనక్కి ఇంట్లోకి చూసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మెట్లు ఇద్దరం కలిసే దిగాం. కింద నారింజ జాకెట్ యువతి చేతిలోని ఫోన్లోకి రెండు మాటలు చెప్పి, మాకు తలుపు తెరిచి పట్టుకుంది.

వ్యాయామశాల

బాస్కెట్‌బాల్ వల కింద కుర్చీ వేసి శిరీషను తూర్పుముఖంగా కూర్చోబెట్టాం. తూర్పు ఎటో మురళి ఫోన్ చెప్పింది. చుట్టూ మడత మంచాల మీద మాలాగే ఇళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు వందమంది దాకా ఉన్నారు. చేతుల్లో పిల్లులున్న బుట్టలు, థర్మోసులు.

ఫ్రావ్ యాన్సెన్ హాలు గడియారం కిందే నిలబడింది. పది ముప్పై తొమ్మిదికి నేను బియ్యం పళ్ళెం అందిస్తే తీసుకోలేదు. "ఇంకా నిమిషం ఉంది." ముల్లు దాటగానే ముందుకొచ్చింది.

"ఎన్ని గ్రాములు?"

"మూడు దోసిళ్ళు," అన్నాను.

పెద్ద చేతులు. మూడు నిండు దోసిళ్ళు పోసింది, ఒక్క గింజ కింద పడలేదు. పసుపుకొమ్ములు, పళ్ళు వేశాక శిరీష బుగ్గ తట్టింది. కొబ్బరికాయ బదులు ఎవరో కమలాపండు ఇచ్చారు. ఫోన్ తెరలో చెల్లెలు కళ్ళొత్తుకుంటూ, "ఆ మహాతల్లి ఎవరే?" అని అడుగుతోంది.

తర్వాత గాజులు. మన ఆచారం ప్రకారం వచ్చిన ఆడవాళ్ళందరికీ గాజులివ్వాలి కదా. వచ్చినవాళ్ళంటే ఆ హాల్లో ఉన్నవాళ్ళందరూ. ఒక టర్కీ అవ్వ ముందుగా చెయ్యి చాపింది. ఆ వెనకే అందరూ వరస కట్టారు. నేను తెచ్చిన సైజు వాళ్ళ చేతులకు సరిపోదు. ఫ్రావ్ యాన్సెన్ హాలు బాత్రూమ్ నుంచి సబ్బు తెచ్చి పక్కన కూర్చుని, ఒక్కొక్కరి చెయ్యి తడిపి నా ముందుకు తోసింది. అయినా ఏడు పగిలాయి. పులిహోరలో ఎండుమిరపకాయను కూరముక్క అనుకుని నమిలిన నారింజ జాకెట్ పెద్దాయన రెండు సీసాల నీళ్ళు తాగాడు. ఖాళీ సీసాలు నేను తీసుకున్నాను. బంగాళాదుంపల సలాడ్‌లో గుడ్డుందని తెలిసి నేను ముట్టలేదు. మురళి మూడుసార్లు వేయించుకున్నాడు.

అప్పుడు ఫ్రావ్ యాన్సెన్ అతని వైపు తిరిగి చెప్పింది. శిరీష మెల్లగా తెలుగులో అంటూ వచ్చింది.

"అప్పుడు నాకు అయిదేళ్ళు. సైరన్ మోగింది. మా అమ్మ నన్ను పక్కింటావిడ చేతికిచ్చి, ‘నువ్వు ముందు వెళ్ళు, నేను వెనకే వస్తాను’ అంది. అమ్మమ్మ మెట్లు దిగలేని మనిషి, ఆమెను దించాలి. పొద్దున వచ్చి చూస్తే ఇల్లు లేదు. వీధే లేదు."

"జూలై ఇరవై ఏడు," అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. తేదీ భాష మారినా అర్థమవుతుంది. మెల్లగా తలూపింది.

మురళి చెంచా కింద పెట్టాడు. "నాకు తెలియదండి. నేనూ అదే మాట..."

"నీ జర్మన్ బాగుంది," అంది ఆవిడ, అతని పళ్ళెంలో ఇంకో గరిటె సలాడ్ వేస్తూ. "ఎంచుకున్న మాటే బాగాలేదు."

ఒంటిగంటా ఇరవైకి మైకు గరగరలాడింది. ఫ్యూజు ఊడదీశారు. హాలంతా చప్పట్లు. గాజుల చేతుల చప్పట్లు వేరేగా వినబడ్డాయి.

తిరిగి ఇంటికి

మెట్లెక్కుతుంటే ఆవిడ నుదురు చూపించి అడిగింది: "దీన్ని ఎప్పుడు తుడవాలి?"

"తుడవకూడదు. అదే పోతుంది," అని చెప్పించాను.

పైదాకా తనతోనే వెళ్ళాను. తాళం తీసి, కోటు విప్పకుండానే వంటిల్లు, పడకగది, వసారా అన్నీ ఒక్కొక్కటే తలుపు తెరిచి చూసింది. వచ్చి గుమ్మంలో నా ఎదురుగా నిలబడి ఒక మాటంది. ఆ మాట శిరీష లేకుండానే అర్థమైంది. అన్నీ ఉన్నాయి.

సోమవారం ఇడ్లీలోకి చట్నీ చేస్తూ మిక్సీ వేశాను. పైనుంచి ధన్, ధన్, ధన్. గడియారం చూశాను. ఒంటిగంటా రెండు నిమిషాలు. తప్పు నాదే. మూడింటికి మళ్ళీ వేసి, చట్నీ గిన్నె పైన గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను.

నా పాఠం అలవాటు ప్రకారం నష్టం రాసి ముగిస్తాను. ఆ యుద్ధంలో పోయినవాళ్ళు సుమారు ఆరు కోట్లమంది. ఇంకా ఎక్కువే అనేవాళ్ళున్నారు. వాళ్ళలో లైప్‌జిగ్‌లో ఒక ఇంటివాళ్ళు ముగ్గురు, హాంబర్గ్‌లో ఫ్రావ్ యాన్సెన్ అమ్మ, అమ్మమ్మ.

అదే యుద్ధంలో మే నెల ఆ ఆదివారం పోయినవి: గాజులు ఏడు. దద్దోజనం ఒక గిన్నె, హాలు వేడికి పులిసింది. కొబ్బరికాయ ఒకటి, వసంత హార్‌బుర్గ్ స్టేషన్ బల్ల మీద మరిచిపోయింది. ఇళ్ళు, ఏవీ లేవు. మనుషులు, ఎవరూ లేరు.